నేలలోకి దిగని ఊడలు

మే 6

వంక నీళ్ళ పరీక్షకు పై సీసా లేదు ఈ వారం. క్వారీకి పైన వంక ఎండిపోయి ఇరవై రోజులు దాటింది. కింద, చాకిరేవు బండ దగ్గర మాత్రం మోకాటి లోతు మడుగు ఒకటి మిగిలింది. అందులోంచి కింది సీసా నింపాను. తేటగానే ఉంది. వాన లేనప్పుడు మా క్వారీ అంత మంచిది ఇంకోటి లేదు.

మడ్డి గుంటే భయపెడుతోంది. రాయి కోసే తీగ రంపాల నీళ్ళు, మట్టి డంపు మీంచి కారే వాన నీళ్ళు, అన్నీ కాలవల వెంబడి వచ్చి ఆ గుంటలో నిలవాలి. రాతి పిండి అడుక్కి దిగాలి. పైన తేరిన నీళ్ళు మాత్రమే తూములోంచి వంకలోకి పోవాలి. నా ఉద్యోగం మొత్తం ఇంతే. పదకొండేళ్ళుగా ఇంతే. ఇప్పుడు గుంటలో మూడింట రెండొంతులు మడ్డే. ఇంక నీళ్ళు యాడ నిలబడాలి?

జేసీబీ రెండు రోజులు ఇవ్వమని మేనేజర్‌ని అడిగాను. వచ్చే వారం మేడమ్ అన్నాడు. మార్చి నుంచీ వచ్చే వారమే.

మే 9

ఎండ. కట్ట మీద నిలబడితే చెప్పులు అంటుకుంటున్నాయి. జేసీబీ డంపు పనిలో ఉందట.

మే 10

మూడేళ్ళ కిందటి నవంబరు వదలడం లేదు నన్ను. తుపాను, నాలుగు రోజులు విడవకుండా. గుంట పొర్లింది. వంక కింది పల్లెదాకా తెల్లగా పోయింది... పశువులు మూతి పెట్టి వెనక్కి తీసుకున్నాయి. మర్నాడు మునెమ్మక్క ఒక చెంబుతో ఆ నీళ్ళు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. మా డంపుకు కింద, వంక పక్కనే ఎకరన్నర చేను ఆమెది. అప్పటికి నాకు ముఖం మాత్రమే తెలుసు. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చెంబు నా చేతికిచ్చింది.

"నువ్వు తాగుతావా పాపా, ఇవి?"

ఇంకోసారి రానివ్వనక్కా అని మాటిచ్చాను. ఎవరినడిగి ఇచ్చానో. జేసీబీ నాది కాదు, క్వారీ నాది కాదు, వాన అంతకంటే కాదు. కానీ ఆ రోజు నుంచీ ఆమె నన్ను నమ్మింది. చేనిలో కాయ పీకినప్పుడల్లా ఒక ఒడి చెనిక్కాయలు తెచ్చి గేటు దగ్గర ఇచ్చిపోతుంది. పచ్చివి, మట్టితోనే.

మే 13

కట్ట లోపలి వైపు జారాను. కుడి మణికట్టు. టక్కుమనడం నాకే వినిపించింది.

మే 14

ఎడమ చేత్తో రాస్తున్నా. కోడి గీకినట్టు.

నిన్న పుత్తూరు, ఎముకల కట్టుకు. మా ఆయన రేణిగుంట గోడౌన్‌లో సెలవు చెప్పి నేరుగా అక్కడికే వచ్చాడు. గుడ్డు, పసరు, వెదురు దబ్బలు, గుడ్డ. కట్టేటప్పుడు ప్రాణం పోయింది. పదిహేను రోజులకు ఇంకో కట్టు.

మే 15

గుడ్డు వాసన. దురద. నిద్ర లేదు.

మే 17

మునెమ్మక్క ఫోను. గుంటలో మడ్డి చేనికి తోలుకుంటారట. తోలుకోండి అన్నాను. మేనేజర్‌కీ చెప్పాను. గుంట ఖాళీ అవుతుంది. అమ్మయ్య.

మే 21

మేనేజర్ ఫోను. నాలుగు ట్రాక్టర్లు తిరుగుతున్నాయట, మూడు రోజుల్లో అడుగు కనిపిస్తుందట. జేసీబీ కూడా ఒక పూట ఇచ్చాడట, ఎత్తిపోయడానికి. ఇప్పుడు దొరికింది జేసీబీ.

"చెయ్యి ఇరిగినాకే మీరు ఎక్కువ పని చేస్తాండారు మేడమ్" అని నవ్వాడు. నేనూ నవ్వాను. చాలా రోజులకు.

మే 29

రెండో కట్టు. వేళ్ళు కదులుతున్నాయి.

జూన్ 12

కట్టు విప్పారు. చెయ్యి సన్నగా, తెల్లగా, ఎవరిదో అన్నట్టుంది. అయినా కలం పట్టింది. ముందు ఇదే రాయాలనుకున్నాను.

క్వారీకి వెళ్ళాను. గుంట ఖాళీ. అడుగున పరిచిన రాళ్ళు కూడా కనిపిస్తున్నాయి, నేను చేరిన ఏడాది చూసినవి. కట్ట మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాను. ఈ ఏడు ఎంత తుపానైనా రానీ.

తర్వాత మునెమ్మక్క చేనికి. చేనంతా బూడిద రంగు. దుక్కి చేసి కలిపేసింది. ఒక్క తూర్పు మూల మాత్రం ఎర్రగా ఉంది, వంక గట్టు దగ్గర. అక్కడికి ట్రాక్టర్ దిగలేదట.

ఆ రోజు ఫోన్లో ఏమందో ఎడమ చేత్తో రాయలేకపోయాను. ఎండాకాలం చెరువు ఎండితే ఒండ్రు తోలుకోవడం ఇక్కడ అందరికీ తెలిసిన పనే. తాతల నాటిది. ఈ ఏడు చెరువు ఒండ్రు ఇటుక బట్టీలవాళ్ళు ముందే ఎత్తుకుపోయారు. ఆమెకు మా గుంట గుర్తొచ్చింది.

"మీ గుంటలో నున్నంగా వెన్న మాదిరి ఉండాది పాపా. అది గూడా నీళ్ళ అడుగున దిగిందే గదా. చేనికి మంచిదేనా? నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పు."

చేనికి మంచిదేనా అని అడిగింది. అడిగింది. నేను మంచిదేనక్కా, తోలుకోండి అన్నాను. చెయ్యి పోటు పెడుతోంది, గుంట నిండి ఉంది, వాన నెల్లాళ్ళలో ఉంది. అడగడం ఆలస్యం, నోటికొచ్చేసింది.

ఈ రోజు చేనిలో మట్టి తీసి వేళ్ళ మధ్య రాసి చూశాను. ముఖానికి రాసుకునే పౌడరు అంత మెత్తన. ఒండ్రులో ఆకు ఉంటుంది, పేడ ఉంటుంది, పురుగు ఉంటుంది. ఇందులో రాయి తప్ప ఏమీ లేదు. రాతి పిండి భూమికి బలమని ఎక్కడో చదివిన గుర్తు. ఏ రాయి, ఎంత, ఏ భూమికి... అది గుర్తులేదు. బలమే అయివుంటుంది.

జూన్ 26

మొదటి పెద్ద వాన. గంటన్నర. గొడుగేసుకుని తూము దగ్గరే నిలబడ్డాను. డంపు నీళ్ళు ఎర్రగా, కోత నీళ్ళు తెల్లగా గుంటలోకి దూకుతున్నాయి. తూములోంచి చుక్క రాలేదు. అంతా నిలిచింది. రేపటికి తేరుతుంది. వంకలో పారేది పైనుంచి వచ్చిన నీళ్ళే. పై సీసా, కింది సీసా పక్కపక్కన పెట్టి చూశాను, తేడా లేదు. పదకొండేళ్ళలో ఇట్లా ఎన్నిసార్లు చూశాను? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కళ్ళు చెమర్చాయి, వానలో ఎవరికి తెలుస్తుంది.

వచ్చేటప్పుడు మునెమ్మక్క చేనిలో నీళ్ళు నిలబడి ఉన్నాయి. పక్క చేలల్లో ఇంకిపోయాయి. నేల నీళ్ళు పట్టుకుంటాందని ఆమె మురిసిపోతోంది. పట్టుకోవడం వేరు, తాగకపోవడం వేరు అనిపించింది. అనిపించినది అనలేదు.

జూలై 5

చెనిక్కాయ విత్తారు. విత్తనం చిత్తూరులో మస్తాన్ సాయిబు అంగడిది. కొంచెం చాలకపోతే తూర్పు మూల ఇంట్లో దాచుకున్న పాత విత్తనం వేసిందట. నన్ను సాలు వెంట నాలుగడుగులు నడిపించింది, నా చెయ్యి బాగైనందుకు.

జూలై 22

పర్యావరణం వాళ్ళకు పంపే ఆరు నెలల రిపోర్టు. మేనేజర్ పక్కన కూర్చుని రాయించాడు. గుంట మడ్డిని రైతులు ఒండ్రుగా వాడుకుంటున్నారని ఒక వాక్యం. మునెమ్మక్క పచ్చని చేనిలో నిలబడిన ఫోటో. వాక్యం నాదే, సంతకం నాదే. తనిఖీకి వచ్చిన అధికారి చాలా బాగుంది, మిగతావాళ్ళకూ చెప్పాలి ఇది అన్నాడు. మేనేజర్ ఈ రోజంతా నన్ను మేడమ్ గారూ అన్నాడు, మేడమ్ సరిపోక.

ఫోటోలో మునెమ్మక్క నవ్వుతోంది. పళ్ళు కనిపించకుండా నవ్వడం ఆమె అలవాటు.

ఆగస్టు 6

పూత. చేనంతా పసుపు చుక్కలు. దారినపోయే వాళ్ళు నిలబడి చూసిపోతున్నారు. దిష్టి తగులుతుందని మునెమ్మక్క గట్టు మీద పాత చెప్పు, ఎండుమిరపకాయలు కట్టింది.

ఆగస్టు 14

వాన లేదు, పది రోజులు. గుంటలో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. నీరసం. చెయ్యి సాయంత్రానికి లాగుతోంది.

ఆగస్టు 24

రాయాలి. ఎట్లా రాయాలో తెలియడం లేదు.

మునెమ్మక్క గేటు దగ్గరికి మనిషిని పంపింది, వచ్చి చూడమని. వెళ్ళాను. ఆకు నల్లగా నిగనిగలాడుతోంది. ఆమె ఒక చెట్టు పక్కకు వంచి చూపించింది. చెనిక్కాయ పువ్వు రాలాక ఊడ దిగుతుంది. సూదిలాగా కిందికి వచ్చి నేలలోకి దూరాలి. దూరితేనే లోపల కాయ కడుతుంది. ఊడలు వచ్చాయి, బోలెడు. ఒక్కటీ దూరలేదు. మొన నేలకు ఆని, ఒంగి, పక్కకు తిరిగి, ఎండిపోతున్నాయి. ఇంకో చెట్టు. ఇంకోటి. పది చెట్లు చూశాను. ఊడలన్నీ గాలిలోనే వేలాడుతున్నాయి.

బొటనవేలితో నేల నొక్కాను. దిగలేదు. చేను కాదది, గచ్చు.

తూర్పు మూలకు వెళ్ళాం. అక్కడ ఊడలు నేలలో ఉన్నాయి. ఒక చెట్టు పీకితే లేత పిందెలు, పాలపళ్ళలాగా.

"సూసినావా పాపా" అంది మునెమ్మక్క. "ఈడ నా యింటి విత్తనం. ఆడంతా సాయిబు అంగడి విత్తనం. నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది."

అక్కా, ఈడ మడ్డి పడలేదు. ఈ ఒక్క మాట. నోట్లోనే ఉంది. ఇప్పటికీ ఉంది.

ఆగస్టు 25

పెరట్లో రెండు పాత డబ్బాలు. ఒకదాంట్లో పూలకుండీ అడుగున ఉన్న చెరువు ఒండ్రు, ఇంకోదాంట్లో మా గుంట మడ్డి. రెంటిలో చెరో గ్లాసు నీళ్ళు పోశాను. టీ కాగేలోపు ఒండ్రులో ఇంకిపోయాయి. మడ్డిలో సాయంత్రం దీపం పెట్టేదాకా అట్లాగే ఉన్నాయి.

మేలో ఈ పని చేసి ఉంటే సరిపోయేది. రెండు డబ్బాలు, ఒక పూట. పదకొండేళ్ళుగా నీళ్ళు పరీక్ష చేసేదాన్ని, ఈ ఒక్కటీ చెయ్యలేదు. ఆ మడ్డి వంకలో పడకుండా చూడటమే తెలుసు నాకు. వంకలోకి పోనివ్వకుండా తీసి నా చేత్తో ఆమె చేనిలో పోయించాను.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అనేది మా అమ్మ. నాకు నాలుగు రోజుల తేడాలో రెండూ జారాయి. కాలిదైతే పుత్తూరులో కట్టు కట్టారు.

ఆగస్టు 27

మేనేజర్‌కి చెప్పాను. డబ్బాలు కూడా పట్టుకెళ్ళాను. చూడలేదు వాటిని.

"వాళ్ళడిగినారు, మనమిచ్చినాం. కాయితముందా? లేదు. అమ్మినామా? లేదు. ఆమే విత్తనం అంటాంది గదా మేడమ్. మీరెందుకు మధ్యలో?"

రిపోర్టు సంగతి ఎత్తాను. ఆ వాక్యం నేనే రాశానని గుర్తు చేశాడు. మెల్లగా, మంచిగానే. తర్వాత ఇంకో మాట... మీరు పోతే ఆ గుంట చూసేదెవరు, నాకైతే తూము తెరిచేస్తే పనైపోతుంది అన్నాడు. బెదిరింపు కాదు. నిజమే చెప్పాడు. అదే ఎక్కువ భయమేసింది.

ఆగస్టు 30

చెప్పాలని వెళ్ళాను. మజ్జిగ ఇచ్చింది. తాగి వచ్చేశాను.

సెప్టెంబరు 2

మళ్ళీ వెళ్ళాను. నేల గట్టిగా ఉంది, చెట్ల మొదళ్ళకు మట్టి ఎగదోద్దాం అన్నాను. ఇద్దరం పార పట్టి రెండు వరసలు. పార దిగితే పెళ్ళలు పెళ్ళలుగా లేస్తోంది, వేర్లతో సహా. అయిదు చెట్లు పడిపోయాక ఆమె పార పక్కన పెట్టింది. నా మణికట్టు చూసి, నువ్వు చేసింది చాలు పాపా, నీ చెయ్యే ఇప్పుడే అతుక్కునింది అంది.

నువ్వు చేసింది చాలు. అవును, చాలా ఎక్కువే చేశాను.

సెప్టెంబరు 9

వాన, కొద్దిగా. నేల మెత్తబడితే కొన్ని ఊడలైనా దిగుతాయని ఆశ. పైన జారుడు, లోపల పొడి. ఆలస్యమైపోయింది.

సెప్టెంబరు 16

మునెమ్మక్క అంగడికి పోయి సాయిబుతో గొడవ పడిందట. పల్లెలో నలుగురు ఆయన దగ్గర విత్తనం కొనడం మానేస్తామన్నారట. ఈ సంగతి ఆమే చెప్పింది, గెలిచినట్టు కాదు, అలసిపోయినట్టు. ముప్పై ఏండ్లుగా ఆ అంగట్లోనే కొంటోంది. మా నాయన చచ్చిపోయినప్పుడు దినానికి కూడా వచ్చినాడు పాపా ఆ సాయిబు, అట్లాంటోడు ఇట్ల చేస్తాడనుకోలేదు అంటూ కళ్ళు తుడుచుకుంది.

నేను అక్కడే కూర్చుని ఉన్నాను. రాయిలాగా అని రాయబోయి ఆగాను.

సెప్టెంబరు 18

సెలవు పెట్టి మస్తాన్ సాయిబు అంగడికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు. కొత్తిమీర విత్తనాలు అడిగాను. డెబ్బై దాటిన మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, పొట్లం కట్టేముందు నాలుగు గింజలు నా అరచేతిలో పోసి చూసుకోమ్మా అన్నాడు. అంగట్లో ఇంకెవరూ లేరు. ఎప్పుడూ కూలీలతో, సంచులతో ఇరుకుగా ఉండేది.

మునెమ్మ పల్లె పక్క క్వారీలో పనిచేస్తానని చెప్పాను. ముఖం మారింది. అదే మూటలోని విత్తనం ఇంకో ఊళ్ళో విరగ కాసిందట. "ఏం జరిగిందో అల్లాకే తెలుసు తల్లీ. గింజ మాత్రం మంచిది."

పొట్లం తీసుకుని బయటికొచ్చాను. అల్లాకూ, నాకూ తెలుసు.

సెప్టెంబరు 28

ఆదివారం. మా ఆయన వచ్చాడు. మొత్తం చెప్పాను, మొదటిసారి. నువ్వు కావాలని చేసింది కాదు గదా అన్నాడు. కావాలనే దాస్తున్నాను గదా అన్నాను. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని నవ్వబోయి, నా ముఖం చూసి మానుకున్నాడు.

అన్నం తినేటప్పుడు మాత్రం ఒక్క మాట. చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే నిద్ర పోతుంది, రెంటిలో ఏది లేకుండా బతకగలవో నువ్వే చూసుకో అన్నాడు. నిద్ర పోయి నెలయింది. కాబట్టి లెక్క తేలినట్టే. అయినా తేలలేదు.

అక్టోబరు 7

చెనిక్కాయ పీకారు. చెట్టంత చెట్టు, కింద బోసి. వేర్లకు బూడిద రంగు పెళ్ళలు. తూర్పు మూల మాత్రం గంపెడు కాయ వచ్చింది.

పనికి వచ్చిన ఆడవాళ్ళు తలొంచుకుని పీక్కుంటూ పోయారు. మామూలుగా పీకుడు రోజు చేనిలో నవ్వులు ఆగవు. మునెమ్మక్క ఒక్కతే చివరిదాకా ఒక్కో చెట్టూ దులిపి చూసింది, దేంట్లోనైనా ఉందేమోనని. సాయంత్రం తూర్పు మూల కాయల్లోంచి ఒడి నిండా నాకు పోసింది. వద్దన్నాను. ప్రతి ఏడూ ఇచ్చేది మానుకుంటానా అంది.

ఇంటికి తెచ్చాను. కడగలేదు. వంటింట్లో గంపలో ఉన్నాయి, మట్టితోనే.

అక్టోబరు 10

గుంట మళ్ళీ సగం నిండింది. తుపాను వస్తుందంటున్నారు, ఈ నెలాఖరుకు. మేనేజర్ కబురు... ఇంకో ముగ్గురు రైతులు ఒండ్రు అడుగుతున్నారట, ఫోటో చూసి. చేలు ఖాళీ అయ్యాయి గదా, ఇప్పుడే తోలుకోమను మేడమ్ అన్నాడు. వద్దన్నాను. గట్టిగానే అన్నాను. అయితే మడ్డి ఎక్కడ పోద్దాం, చెప్పండి అన్నాడు. పాత గొయ్యి ఉంది, కోత అయిపోయినది, అందులో పోసి పైన మట్టి కప్పొచ్చని చెప్పాను. దూరం, డీజిలు అన్నాడు. చూద్దాం, వచ్చే వారం.

అక్టోబరు 11

మునెమ్మక్క కూడా అడిగింది. ఈ తూరి ఇంకా నాలుగు ట్రాక్టర్లు ఎక్కువ తోలుకుంటా పాపా అని. ఒండ్రు పుణ్యాన చెట్టు బాగా వచ్చింది, విత్తనమే ముంచింది అని ఆమె లెక్క.

ఇంక దాచడం అంటే ఇంకో ఏడు ఆమె చేను చంపడమే. ఇప్పటికైనా పశువుల ఎరువు, ఇసుక వేసి, లోతు దుక్కి చేసి, రెండు మూడేళ్ళు కష్టపడితే నేల తిరిగి వస్తుంది. కానీ రోగం ఏదో తెలియాలి గదా ముందు.

ఈ ఏడు తోలొద్దక్కా అన్నాను. ఎందుకు అంది. గుంటలో నీళ్ళున్నాయి అన్నాను. తూ నా నోరు.

అక్టోబరు 15

పెద్దమనుషులు కూర్చున్నారు. సాయిబు తప్పు ఒప్పుకోడు, మునెమ్మ వదలదు. కాణిపాకం అన్నారు. మస్తాన్ సాయిబు ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదట. దర్గాలో చెప్పమంటే దర్గాలో చెప్తా, కాణిపాకంలో చెప్పమంటే ఆడే చెప్తా, నా గింజలో దోషం లేదు అన్నాడట.

తలస్నానం చేసి, తడిబట్టలతో వినాయకుడి ముందు ప్రమాణం. అక్కడ అబద్ధం చెప్పినవాడు బాగుపడడని ఇటు వైపు పసిబిడ్డకు కూడా తెలుసు. చెప్పించినవాళ్ళ సంగతి? నిజం తెలిసి పక్కన నిలబడ్డవాళ్ళ సంగతి? ఎవరూ చెప్పగా వినలేదు.

మునెమ్మక్క నన్నూ రమ్మంది. తోడుగా.

అక్టోబరు 17

ప్రమాణం అయితే ఏమవుతుంది? ఆయన నిజమే చెప్తాడు. పల్లె నమ్ముతుంది, ఆయన అంగడి నిలబడుతుంది. అప్పుడు అందరూ మునెమ్మక్క వైపు తిరుగుతారు, మంచివాడి మీద నింద వేసిందని. ఆమె కూడా దేవుడి ముందు తనే తప్పు చేశాననుకుంటుంది. చేను పోయింది, ఇప్పుడు మాట కూడా పోతుంది. నేను మాత్రం ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుని అన్నం తింటాను. అందరిలో నాకొక్కదానికే ఏమీ కాదు.

సాయంత్రం చేనికి వెళ్ళాను, ఎవరూ లేనప్పుడు. ఒక పెళ్ళ తవ్వి తీశాను, పెద్దది, అరచేతి మందం. దాని మీద ఎండిన ఊడ ఒకటి అతుక్కుని ఉంది. పేపర్లో చుట్టాను.

అక్టోబరు 18

రాజీనామా రాశాను. చించాను. మళ్ళీ రాయలేదు. నేను పోతే తూము తెరుస్తాడు. తుపానుకు ముందే.

ఉంటేనా? ఉండి ఏం చేశాను...

అక్టోబరు 19

కాణిపాకం. పొద్దున ఏడు. ఈ డైరీ సంచిలో వేసుకొచ్చాను, ఎప్పుడూ బయటికి తేను. మంటపం పక్కన కూర్చుని రాస్తున్నాను. పక్కన పేపరు పొట్లంలో ఆ చేని పెళ్ళ.

ఆటోలో మునెమ్మక్క దారి పొడుగునా ఏమీ మాట్లాడలేదు. దిగాక చీరె సర్దుకుంటూ, భయంగా ఉండాది పాపా అంది. నేను తప్పు పట్టినానేమో, ఆ ముసిలాయన్ని ఈడికి లాగినానేమో అని. మూడు రోజులుగా అన్నం సరిగా తినలేదట. చీరె చెంగు రెండు చేతులా మెలిపెడుతోంది. ఈ చేతులతోనే ఆ రోజు చెంబు ఇచ్చింది నాకు.

చెప్తానక్కా, నీకొక మాట చెప్పాలి, అని మొదలుపెట్టాను. నిజంగా మొదలుపెట్టాను. అంతలో పెద్దమనుషులు వచ్చారు. ఆమె నా చెయ్యి పట్టుకుని వాళ్ళకు చూపించింది.

"ఈ పాప నా పక్కన నిలబడుతాది. నాకు తెలిసినోళ్ళల్లో అబద్ధం చెప్పని మనిషి ఈమె ఒకతే."

మస్తాన్ సాయిబు స్నానానికి దిగి పది నిమిషాలయింది. మనవడి భుజం పట్టుకుని వస్తున్నాడు ఇప్పుడు, మెట్లు ఎక్కలేక ఎక్కుతూ. తెల్ల లుంగీ ఒంటికి అంటుకుపోయింది. చలికి పెదాలు నీలంగా ఉన్నాయి. నన్ను గుర్తుపట్టాడు. కొత్తిమీర మొలిచిందామ్మా అని అడిగాడు, నీళ్ళు కారుతున్న ముఖంతోనే.

మొలిచింది అన్నాను. మొలిచింది నిజమే.

మునెమ్మక్క పిలుస్తోంది. పొట్లం ఒళ్ళో ఉంది. లేవాలి.